పటంలో నల్లమచ్చ

మేం గీస్తున్న రాళ్ళ పటంలో ఆ నల్లమచ్చను రాయి అని రాసింది నేనే. ఉపగ్రహం తీసిన బొమ్మలో పలకరాయి ఉన్న నేలంతా ఆకుపచ్చ రంగులో కనిపిస్తే, నడుమ గుండ్రంగా ఒక్క ముక్క మాత్రం వేరే రంగులో ఉంది. కంప్యూటరు దాన్ని నల్లరాయి అంది, నేను తలూపాను. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో, మా ఆఫీసు ఫ్యాను కింద కూర్చుంటే ఎవరికైనా అన్నీ తెలిసినట్టే ఉంటుంది.

అయితే అక్కడికి వెళ్ళి, సుత్తితో కొట్టి చూస్తే గాని పటం అచ్చుకు వెళ్ళదు. ఉత్తరాన కావోకో ఎండుసీమలో దారి చూపడానికి చిహరుకా తాత దొరికాడు. మా హెరెరో తెగవాడే. డెబ్భై దాటాయి, టోపీ, చేతికర్ర లేకుండా జీపు దిగడు. ఆయనకి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ ఏడే కరువొచ్చి, తండ్రి మిగిలిన ఆవుల్ని తోలుకుని దక్షిణానికి వెళ్ళిపోయాడు. తల్లిని పాతిపెట్టిన చోటు కోసం తాత మూడుసార్లు వచ్చి వెతికాడు, దొరకలేదు. నాతో బయలుదేరిందీ అందుకే.

"ఆకాశంలోంచి అన్నీ కనబడతాయంటావుగా. మా అమ్మ ఎక్కడుందో చూడరాదూ?" అన్నాడు మొదటిరోజే.

"రాళ్ళే కనబడతాయి తాతా, మనుషులు కాదు."

"అయితే దాని చూపు నా చూపులాంటిదే. వచ్చిన మూడుసార్లూ నాకూ రాళ్ళే కనబడ్డాయి," అని నవ్వాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఆ మచ్చ దగ్గరికి చేరాం. సుత్తి ఎత్తి కొట్టాను. ఖంగుమనలేదు, మెత్తగా దిగిపోయింది. లోపలంతా నల్లటి పొడి. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. తాత వంగి పిడికెడు తీసుకుని వాసన చూశాడు.

"రాయేమిటే పిచ్చిపిల్లా, పేడ ఇది. ఆవుల దొడ్డి." ఆయన గబగబా చుట్టూ చూశాడు. "అమ్మని మా దొడ్డి పక్కనే పాతిపెట్టారు. చుట్టుపక్కల తెల్లరాయి ఏమన్నా ఉందేమో చూడు. అమ్మ మీద పెట్టడానికి నాన్న ఎద్దులచేత ఈడ్పించి తెచ్చాడు."

ముళ్ళపొద వెనక ఉంది, ఒక పక్కకి ఒరిగి. పాలరాయి. ఆ చుట్టుపక్కల ఎక్కడా పాలరాయి పుట్టదు. ఆ మాట మాత్రం నేను ఒట్టేసి చెప్పగలను.

"వెళ్ళు తాతా."

ఆయన కదల్లేదు. "ఎట్లా వెళ్ళను? ఇన్నాళ్ళకి వచ్చినవాణ్ణి, పెద్దవాళ్ళు మొహాన నీళ్ళు చిమ్మి, వీడు ఫలానా అని పోయినవాళ్ళకి చెప్పాలి కదా. నన్ను చెప్పేవాళ్ళేరీ? అందరూ పోయి నేనే పెద్దవాణ్ణయి కూచున్నాను."

పోయినవాళ్ళ పేరిట ఇంటి నిప్పు ఆరకుండా కాచే పెద్దమనిషి చెయ్యాల్సిన పని అది. నాకు ఏ హక్కూ లేదు. అయినా సీసా తీసి, నోటినిండా నీళ్ళు పట్టి ఆయన మొహాన చిమ్మాను. ఆయన టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీ కొడుకు చిహరుకా వచ్చాడు. దారి దొరక్క ఆలస్యమైంది," అన్నాను.

తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అట్లా చెప్తే గుర్తుపట్టదే. ఈ తెల్లగడ్డం ఆవిడ ఎప్పుడు చూసింది? ఆరేళ్ళోడని చెప్పు."