షారోను బండి ఆగే చోటు

నేను ఒక కుర్చీని. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని; ఎండకు వెలిసి వెలిసి ఇప్పుడు ఏ రంగో నాకే తెలియదు. కుర్చీ అంటే కూర్చోవడానికే అనుకుంటారు మీరు. నా బతుకులో సగం మాత్రం ఎవరినీ కూర్చోనివ్వకుండా రోడ్డు మీద కాపలా కాయడంతోనే సరిపోయింది.

నన్ను అచ్చుపోసిన ఫ్యాక్టరీ సంగతి పెద్దగా గుర్తులేదు. వేడి, ఆ తర్వాత లారీలో నాలాంటివాళ్ళు రెండు వందల మంది, ఒకరి ఒళ్ళో ఒకరు. తెనాలిలో టెంట్‌హౌస్ వాళ్ళు కొని, నా వీపు మీద తెల్లరంగుతో తమ పేరు రాయించారు. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని దినాలు! మనుషులు పెళ్ళిలో కూర్చుని కూర బాగాలేదంటారు, దినం నాడు కూర్చుని గారెలు బాగున్నాయంటారు. చివరికి ఓ భారీకాయుడు వెనక్కి వాలేసరికి నా కాలు పటుక్కుమంది. టెంట్‌హౌస్ వాళ్ళు గోడ పక్కన పారేశారు.

అక్కడి నుంచి తెచ్చి, కాలికి ఇనపతీగ చుట్టి నిలబెట్టింది దీనమ్మ. ఆమె భర్త ఏసుపాదం బస్సు డిపోలో మెకానిక్కు. వాళ్ళకు ఒక్కతే కూతురు, షారోను, పదకొండేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకుపోయి నడవలేదు. నోరు మాత్రం, అబ్బో, ఆగితే ఒట్టు! అలాంటి పిల్లల బడి ఊరి చివర ఉంది. రోజూ తండ్రి పాత వ్యానులో పోయి రావాలి. వ్యాను గుమ్మం ముందు ఆగితే నాలుగడుగులు. వీధి మొదట ఆగితే, అంత పిల్లను భుజాన వేసుకుని సందంతా నడవాలి. ఇంటి పక్కనే కల్యాణమండపం. ముహూర్తాల రోజుల్లో ఆ సందులో సైకిలుకైనా చోటుండదు.

అందుకని వ్యాను కదలగానే ఆ ఖాళీలో నన్ను పెట్టేవాళ్ళు. "ఏమ్మా, రోడ్డేమన్నా మీ తాతగారిదా?" అని కార్లవాళ్ళు దబాయించేవాళ్ళు. "మా పాప నడవలేదండీ, బండి ఇక్కడే ఆగాలండీ" అని దీనమ్మ ప్రతివాడికీ చెప్పుకునేది. కొందరు తలవంచుకుని పోయేవాళ్ళు. కొందరు నన్ను కాలితో తన్ని మరీ కారు పెట్టేవాళ్ళు.

గుమ్మం ముందు పసుపు గీతలు గీసి, వేరే బళ్ళు ఆపకూడదని ఒక బోర్డు పెట్టమని ఏసుపాదం మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. "రూలుందో లేదో చూడాలయ్యా" అన్నాడు గుమాస్తా. పైసారు రూలుందని సంతకం పెట్టి పంపితే, "గీసేవాళ్ళు లేరు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. అట్లా రెండేళ్ళు గడిచాయి.

కిందటి మాఘమాసంలో షారోనుకు తుంటి ఆపరేషన్ అయింది. నడుము నుంచి మడమల దాకా సిమెంటు కట్టు. ఆరు వారాలు కుదుపు తగలకుండా ఎముక అతికితే పాప ఆసరాతో నిలబడుతుందని డాక్టరు అన్నాడు. ఆ మాట దీనమ్మ వీధిలో ఎవరికి చెప్పకుండా ఉంది గనుక! పిల్లను ఇంటికి తెచ్చే రోజు పొద్దున్నే నన్ను తుడిచి, గుమ్మం ముందు పెట్టి, "ఇయ్యాళొక్క రోజు చోటు కాపాడవే తల్లీ" అని, తాళం వేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. కుర్చీతో ఎవరైనా మాట్లాడతారా! ఆమె మాట్లాడింది.

ఆ రోజు మండపంలో పెద్ద పెళ్ళి. కుర్చీలు చాల్లేదు. టెంట్‌హౌస్ పనివాడు బయటికొచ్చి నా వీపు మీద పేరు చూశాడు. "మనదే ఒకటి రోడ్డు మీదుందిరోయ్!" అంటూ ఎత్తుకుపోయాడు. వాడి తప్పేముంది, పేరుందిగా. లోపల పెళ్ళికూతురి మేనమామ నా మీద కూర్చుని రెండోసారి పులిహోర వేయించుకున్నాడు. బయట నా చోట్లో పూలదండల కారు ఆగింది.

వ్యాను వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఆ కారెవరిదో అని ఏసుపాదం మండపమంతా అడిగి తిరిగాడు. ఎవరూ తేల్చలేదు. ఎండలో ఆగిన వ్యానులో పిల్ల ఉక్కపోతకు అల్లాడుతోంది. ఇక లాభం లేదని, తండ్రి చంకల కింద, తల్లి కట్టు కింద చేతులు వేసి మోసుకొచ్చారు. మండపం గేటు దగ్గర ఎంగిలాకుల తడిలో దీనమ్మ కాలు జారింది. బ్యాండు మోతలో కూడా షారోను కేక నాకు వినబడింది. మేనమామకు వినబడలేదు. నాలుగు కాళ్ళుండి ఏం లాభం, ఒక్క అడుగు వేయలేకపోయాను.

కట్టు పగిలింది, ఎముక కదిలింది. మళ్ళీ కోశారు. ఈసారి డాక్టరు నిలబడే మాట ఎత్తలేదు. ఇప్పుడు షారోను కూర్చోనూ లేదు. బడి మానిపించారు, వ్యాను అమ్మేశారు. పెళ్ళయ్యాక తీగ చుట్టిన కాలు చూసి టెంట్‌హౌస్ వాళ్ళు నన్ను మళ్ళీ గోడ పక్కన పారేస్తే, ఏసుపాదం ఇంటికి తెచ్చాడు.

చేతులు కాలాక ఆకులన్నట్టు, వేసవిలో గీతలొచ్చాయి. స్తంభానికి నీలం బోర్డు కూడా వచ్చింది.

ఒక సాయంత్రం కిటికీ పక్క మంచం మీద నుంచి షారోను అడిగింది. "అమ్మా, మన చోటు ఖాళీగానే ఉందా?"

"ఉందమ్మా."

"మనకిప్పుడు బండి లేదుగా. పెళ్ళోళ్ళని పెట్టుకోమను, పాపం."

దీనమ్మ నన్ను ఎత్తుకుని బయటికొచ్చి, గీతల మధ్య వేసి తానే కూర్చుంది. కాసేపటికి పెళ్ళికారొకటి వచ్చింది. ఆమె కొంగు బిగించింది. రెండేళ్ళుగా చెప్పిన మాటలన్నీ నోటిదాకా వచ్చే ఉంటాయి. డ్రైవరు బోర్డు చూశాడు. "సారీ అమ్మా, చూసుకోలేదు" అని కారు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

దీనమ్మ ఆ కారు పోయినవైపే చూస్తూ ఉండిపోయింది. "ఇంతేనా?" అంది. "ఇంతేనా అయ్యా?" అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏసుపాదం డ్యూటీ దిగి వచ్చి, చెయ్యిచ్చి లేపేదాకా ఆమె లేవలేదు.