గొర్రె లేని జడ కథ

రియో గ్రాందే లోయ మొత్తంలో మాటలు రికార్డు చేయడంలో నన్ను మించినవాడు లేడు. అమెరికా సైన్యంతో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చిన మన మెక్సికన్ ముసలాళ్ల జ్ఞాపకాలు పోకుండా దాచాలని కాలేజీ వాళ్లు నాకో టేపు రికార్డరు ఇచ్చారు. అప్పట్నుంచి ఒక్క దగ్గు కూడా నా చేతిలోంచి జారిపోలేదు.

ఈ మాట మంగళవారం దాకా నిజం. మంగళవారం దాకా నేనెవర్నీ రికార్డు చేయలేదు.

ఆ రోజు అనస్తాసియో తాత రెండు గంటలు మాట్లాడాడు. ఆయన మా నానమ్మ ఎర్మీనియాకి అన్న. ఇటలీ కొండల్లో మంచినీళ్లూ తూటాలూ మోసే కంచర గాడిదల్ని తోలి వచ్చి, యాభై ఏడేళ్లుగా ఆ ఊసెత్తనివాడు. "ఒక్కసారే చెప్తా. రెండోసారి అడిగితే చెప్పుతో చెప్తా" అని ముందే అన్నాడు. నానమ్మను కూడా గదిలోంచి పంపేశాడు.

కథ గాడిదల మేత దాకా వచ్చేసరికి నాకు చిన్న కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి యుద్ధం అయిపోయింది, తాత కళ్లు తుడుచుకుంటున్నాడు. రికార్డరు మీద ఎర్రలైటు వెలగడం లేదు. మొదట్నుంచీ వెలగలేదు. పాజ్ బటన్ నొక్కే ఉంది.

ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేను కాగితాలు తీసి యుద్ధం మొత్తం మళ్లీ చేశాను.

పద్ధతి ప్రకారం టేపులో ఉన్నది కాగితం మీద ఎక్కించి, చెప్పినవాళ్ల ఇంట్లోనే చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నానమ్మ వంటింట్లో కూర్చున్నాం. బల్ల మీద దాల్చినచెక్క కాఫీ, తీపి రొట్టెలు, మధ్యలో రికార్డరు.

"'నా గాడిద ఒక్క తన్ను తన్నేసరికి పదకొండుమంది జర్మన్లు లొంగిపోయారు'" అని చదివాను.

కాఫీలో రొట్టె ముంచుతున్న తాత ఆగాడు. "పదకొండా?"

"నువ్వే అన్నావు తాతా."

"దాని పేరేంటన్నాను?"

"సింహం."

"ఊఁ. కానియ్."

తాత పెళ్లికొడుకులా సర్దుక్కూర్చున్నాడు.

"గాడిదలు చాలు గానీ, జడ గురించి ఏమన్నాడో అది చదువు" అంది నానమ్మ. మంగళవారం నుంచి ఇది ఆరోసారి అడగడం.

జడ సంగతి మా ఇంట్లో సగమే తెలుసు. తాత యుద్ధానికి వెళ్లినప్పుడు నానమ్మకి పదహారేళ్లు. అన్న ప్రాణాలతో తిరిగొస్తే జడ ఇచ్చేస్తానని మాతకి మొక్కుకుంది. ఆయన వస్తున్నాడని తెలిసిన పొద్దున్నే చర్చికి వెళ్లి, నడుం కిందదాకా ఉన్న జడ కత్తిరించి మాత పాదాల దగ్గర పెట్టేసింది. ఆ తర్వాత గుమ్మంలో ఏం జరిగిందో ఇద్దరూ చెప్పరు. ఒకరితో ఒకరు కూడా ఆ మాట ఎత్తరు. టేపుకైనా చెప్పాడేమోనని నానమ్మ ఆశ.

నేను సిద్ధంగానే ఉన్నాను. తొమ్మిదో పేజీ. "'చెల్లెల్ని చూడగానే గుమ్మంలోనే మోకాళ్లమీద కూలబడ్డాను. నీ జడ ముందు నా పతకాలన్నీ తుక్కు అన్నాను.'"

నానమ్మ ఏప్రాన్‌తో కళ్లు ఒత్తుకుంది. నేను బాగా రాస్తానని నాకు ఎప్పట్నుంచో అనుమానం. అంతలో ఆమె చెయ్యి ఆగింది.

"గొర్రె ఏది?"

"ఏ గొర్రె నానమ్మా?"

"నన్ను చూడగానే, 'ఈ బొచ్చు గీసిన గొర్రెనెవరు తోలుకొచ్చార్రా' అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. మొక్కు సంగతి అప్పటికి తెలీదులే. తెలిశాక కూడా నోరు పెగల్లేదు." కాగితం నా చేతిలోంచి లాక్కుంది. "మా అన్న మొరటోడే గానీ అబద్ధాలకోరు కాదు. జడ గురించి చెప్తే గొర్రె లేకుండా చెప్పడు. ఆ టేపు పెట్టు."

"టేపు కాలేజీలో..."

"ఇదిగో, కనిపిస్తూనే ఉంది."

"చెప్పాను ఎర్మీనియా" అన్నాడు తాత, కప్పులోకి చూస్తూ. "గొర్రెతో సహా చెప్పాను. గొర్రె దగ్గరే ఎక్కువసేపు పట్టింది."

"నేను వినలేదుగా అన్నయ్యా."

నేను మిగతా కాగితాల్లో పన్నెండో జర్మన్ కోసం వెతికాను.

తాత నన్ను చూశాడు. కాలి చెప్పు కూడా చూశాడు. చివరికి కుర్చీ నానమ్మ వైపు తిప్పుకున్నాడు. "రెండోసారి చెప్పనన్నది మిషనుకి. నీకు ఇంకా ఒక్కసారి కూడా చెప్పలేదు. ముందు ఈ సింహాన్ని మాట్లాడనీ."

నానమ్మ పాజ్ తీసి, రికార్డింగు బటన్ తనే నొక్కి, ఎర్రలైటు వెలిగిందో లేదో చూసి మరీ నా ముందుకు తోసింది. "టేపు మొదట్లో పేరూ తేదీ చెప్పాలన్నావుగా. చెప్పు."

"నా పేరు ఫెలిసియానో కాంతూ. ఇవాళ రెండువేల రెండు, మార్చి పది. మా నానమ్మ వంటిల్లు." గొంతు సవరించుకున్నాను. "మంగళవారం నేను పాజ్ తీయలేదు. మధ్యలో నిద్రపోయాను. పదకొండుమంది జర్మన్లూ నావాళ్లే. తాతని మోకాళ్లమీద కూలదోసింది కూడా నేనే."

"ఇంకా?" అంది నానమ్మ.

"గాడిద పేరు నాకు తెలీదు."