ఆముదం వాసన

ఒడిశాలోని జయపురంలో కొరియర్ ఆఫీసు కౌంటరు ముందు నిలబడి, ఆన్‌లైన్లో చీరలమ్మే విజయదుర్గ ఫోన్లో వచ్చిన నాలుగంకెల కోడ్ చెప్పింది. అవతల గుమస్తా సౌమ్యరంజన్ దాన్ని మిషన్లో కొట్టి, కొన్నవాళ్ళు తిప్పి పంపిన పార్సిల్‌ను ఆమె ముందుకు తోశాడు. కోడ్ ముందు, పార్సిల్ తరువాత. అక్కడి పద్ధతి అదే. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు.

దుర్గ బ్లేడుతో కవరు కోసింది. లోపల ఎర్ర చీర. అంచు మీద పీతలూ చేపలూ ఉన్నాయి. చేత్తో తడమగానే ఆమెకు తెలిసిపోయింది. అది మిల్లు గుడ్డ. బొమ్మలు నేసినవి కావు, అచ్చు గుద్దినవి.

పక్కనే సత్యభామ ఉంది. కొట్పాడ్ నుంచి పొద్దున్న బస్సులో కొత్త చీరలు తెచ్చిన నేతగత్తె. నలభై రోజులు మగ్గం మీద కూర్చుని తను నేసిన చీర ఎవరి బీరువాలోనో చేరి, దాని బదులు ఈ గుడ్డ వచ్చిందని అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికి ఆముదం వాసన లేదు," అంది. సత్యభామది దేశియా ఒడియా, దుర్గది సిక్కోలు తెలుగు. ఏళ్ళ తరబడి బేరాలాడడంతో ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. సత్యభామను దుర్గ వాళ్ళ భాషలోనే 'అపా', అంటే అక్కా, అని పిలుస్తుంది.

"సౌమ్యబాబూ, ఇది మా సీర కాదు. మార్సీసేరు," అంది దుర్గ.

"కోడ్ చెప్పేశారు కదా దీదీ. సరుకు సరిగ్గా అందిందని మీరు ఒప్పుకున్నట్టే. ఇంక నా చేతిలో ఏం లేదు."

దుర్గ అక్కడే నిలబడి ఫోటోలు తీసి, తన అమ్మకాలు నడిపే ఆన్‌లైన్ కంపెనీకి పంపింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. అంత తొందరగా మనిషన్నవాడు చదవడు. ఫోటోలో తేడా కనబడలేదట. మీ మీద ఇలాంటి తగాదాలు ఇప్పటికి రెండు, మూడోది వస్తే మీ దుకాణం శాశ్వతంగా మూసేస్తామని రాశారు.

దుర్గ దుకాణానికి గోడలు లేవు, అది ఫోన్లో ఉంది. దాన్ని నమ్ముకుని కొట్పాడ్‌లో పన్నెండు మగ్గాలు ఆడుతున్నాయి. అది పోతే ఇవీ ఆగిపోతాయి. దుర్గకు భయమేసింది. ఆ మాటకొస్తే ఆమె ఆరు నెలలుగా భయంతోనే బతుకుతోంది. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

"వాసన చూడమని రాయరాదా?" అంది సత్యభామ. "ఎర్ర రంగునిచ్చే వేరుతో ఉడికించే ముందు నూలును ఆముదంలో, పేడలో పిసికి ఎండబెడతాం. ఎన్ని ఉతుకులకు పోతుంది ఆ వాసన? మిల్లువాడు దాన్నెక్కడ తెస్తాడు?"

దుర్గ తల దించుకుంది.

"నేనే ఉతికీసేను అపా. కంపు కొడతన్నాయని కొన్నోళ్ళు రాసేరు. తిప్పి పంపీస్తారని భయమేసి, సబ్బుపొడిలో నానబెట్టి ఉతికి, సెంటు కొట్టి పంపుతన్నాను. మీకు సెప్పనేదు."

సత్యభామ గుడ్డను మడిచి కౌంటరు మీద పెట్టింది. "ఇది మాది అని చెప్పడానికి మాకున్నది ఆ వాసనొక్కటే," అంది. "దాన్ని నువ్వే కడిగేశావు."

ఇదీ కంపెనీవాళ్ళ బలం. వాళ్ళు మన మీద చెయ్యి వెయ్యక్కర్లేదు. భయపెడితే చాలు, మన గుర్తును మనమే చెరిపేసుకుంటాం.

ఆదివారం మధ్యాహ్నం దుర్గ ఇంటి వసారాలో ఆమెలాగే ఫోన్లో సరుకమ్ముకునే ఇరవై మంది అమ్మకందార్లు కూర్చున్నారు. కొట్పాడ్ నుంచి సత్యభామ, రాయగడ నుంచి స్టీలు సామాన్ల కోటేశ్వరమ్మ వచ్చారు. జయపురంలో పసుపు అమ్మే పెద్దబ్బాయి గుమ్మానికి దగ్గరగా కూర్చున్నాడు. అందరిలోకీ పెద్దవాడు, అందరిలోకీ పిరికివాడు.

"నాకు కుక్కరు బదులు ఇటికరాయి వచ్చింది," అంది కోటేశ్వరమ్మ. "కోడ్ సెప్పేసేక సూసేను. ఇంకేటి సేస్తాను?"

"కోడ్ ముందెందుకు చెబుతారు?" అని అడిగింది సత్యభామ.

కౌంటరు దగ్గర అడిగారు, వీళ్ళు చెప్పారు. అంతే.

"ఇకనుంచి కౌంటరు మీదే పార్సిల్ కొయ్యాల. అందరం సూడాల. సరుకు మనదైతేనే కోడ్," అంది దుర్గ. "నా సీరలింక ఉతకను. ఆముదం వాసనుంటాది, అదే మా గుర్తని దుకాణంలో రాసి పెడతాను."

"కోడ్ సెప్పకపోతే తగాదా కింద రాసీస్తారు. నీకు అది మూడోది అమ్మీ," అన్నాడు పెద్దబ్బాయి. "దుకాణం పోద్ది."

"తెలుసు బాబాయ్."

"ఒక్కరు సేస్తే ఒక దుకాణం పోద్ది. అందరం సేస్తే?" అంది కోటేశ్వరమ్మ.

"అందరివీ పోతాయి," అన్నాడు పెద్దబ్బాయి.

అయినా చీకటి పడకముందే ఒక మాట మీదికి వచ్చారు. దుర్గ పార్సిల్ వచ్చిన రోజున మొదలుపెట్టాలి.

మూడు వారాలకు ఉతకని చీరల్లో మొదటిది తిరిగొచ్చింది. కొరియర్ ఆఫీసు నిండిపోయింది. ఇరవై మంది అమ్మకందార్లు, కొట్పాడ్ నుంచి సత్యభామతో పన్నెండు మంది నేతగాళ్ళు. దుర్గ కౌంటరు పట్టుకుని నిలబడింది.

"కోడ్ దీదీ."

"ముందు కొయ్యండి."

"నా ఉద్యోగం పోతుంది దీదీ," అన్నాడు సౌమ్యరంజన్ గొంతు తగ్గించి. అతనూ భయపడుతున్నాడు. పైవాళ్ళకు ఫోను చేశాడు. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. ఒక కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి, గుంపు కట్టొద్దన్నాడు.

ఎవరూ కదల్లేదు. సత్యభామ బ్లేడు అందించింది. సౌమ్యరంజన్ దుర్గ మొహం చూశాడు, పోలీసును చూశాడు, కవరు కోశాడు.

మిల్లు గుడ్డే. సత్యభామ వాసన చూసి పక్కవాడికి ఇచ్చింది. అలా పన్నెండు మందీ చూశారు. చివరివాడు దాన్ని కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు. అతనిది కొట్పాడ్ పక్క ఊరే. చిన్నప్పటి నుంచీ తండ్రి భుజం మీద ఆముదం వాసనేసే నేత తుండు చూసినవాడే. వద్దనుకుంటూనే ముక్కుకు ఆనించాడు.

"ఆముదం లేదు," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకుని నోటుపుస్తకం తీశాడు. "నీ పేరు?"

"విజయదుర్గ."

ఆమె కోడ్ చెప్పలేదు. కోడ్ ఇవ్వలేదని సౌమ్యరంజన్ మిషన్లో నొక్కాడు. మరునిమిషం దుర్గ ఫోను మోగింది. ఆమె చదువుకుంది. మళ్ళీ చదువుకుంది.

"దుకాణం మూసీసేరు అపా," అంది.

కొందరి చూపులు గుమ్మం వైపు తిరిగాయి. ఇప్పుడు ఒక్కొక్కరే జారుకుంటారని దుర్గకు అనిపించింది. దుకాణం పోయినప్పటి కన్నా అప్పుడు ఎక్కువ భయమేసింది ఆమెకు.

తరువాతి పార్సిల్ పెద్దబ్బాయిది. సౌమ్యరంజన్ పేరు పిలిచాడు. ముసలాయన కౌంటరు దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. గుమ్మంలో ఉన్న పోలీసును చూశాడు. మూతపడిన దుకాణం చేతిలో పట్టుకుని నిలబడ్డ దుర్గను చూశాడు.

"కోడ్," అన్నాడు సౌమ్యరంజన్.

పెద్దబ్బాయి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ముందు కొయ్యి బాబూ," అన్నాడు.

"పేరు?" అన్నాడు కానిస్టేబుల్.

"పెద్దబ్బాయి."

"నాదీ రాసుకో. కోటేశ్వరమ్మ, రాయగడ," అంది వెనకనుంచి ఒక గొంతు. ఆ వెనక ఇంకో పేరు, దాని వెనక ఇంకొకటి వినబడ్డాయి. కానిస్టేబుల్ పేజీ తిప్పాడు.

సౌమ్యరంజన్ బ్లేడు అంచు వేలితో తడిమి చూశాడు. దాన్ని పక్కన పెట్టి సత్యభామ వైపు చెయ్యి చాచాడు.

"ఇది మొద్దుబారింది. కొత్తది ఉంటే ఇవ్వండి," అన్నాడు. "ఇంకా చాలా కొయ్యాలి కదా."