నాలుగు గాట్లు

అమ్జద్‌తో వచ్చిన చిక్కంతా వంకాయల దగ్గరే. ఉద్యోగమున్నన్నాళ్లూ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, బజారుకు వెళితే మాత్రం పిడికిలంత కాయలు ఏరుకొస్తాడు. గుత్తివంకాయకు చిన్నవి, లేతవి కావాలని అబిదా పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. ఆయన తలూపాడు. ఇప్పటికీ ఊపుతూనే ఉన్నాడు.

ఆ ఉదయం కూడా ఆమె వంటగట్టు దగ్గర నిలబడి, ఒక్కో కాయనూ తొడిమ విడిపోకుండా నాలుగుగా చీల్చి ఉప్పునీళ్లలో వేస్తోంది.

"ఏంది, ఈసారి గూడా బాలేవా?" అన్నాడు గుమ్మంలోంచి.

"బాగానే ఉన్నయ్. వీటికి మసాలా కూరితే చాలదు, ఇంజెక్షన్ ఇయ్యాలి."

అంతకు మించి ఆమె సాగదీయలేదు. తన పరిశోధనకు అన్నిటికన్నా పనికొచ్చిన ఆలోచన అలాంటి పెద్ద వంకాయలోంచే వచ్చింది మరి. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ అమ్జద్, వ్యాసాల్లో తన పేరెందుకు వేయలేదని అడుగుతూనే ఉన్నాడు.

డాక్టర్ అబిదా నరసరావుపేటలో ఒక ఆసుపత్రి పాథాలజిస్టు. ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి అదేమిటో చెప్పే డాక్టరు. వీధిలో అందరికీ ఇంత చెప్పే ఓపిక లేక 'టెస్టుల డాక్టరు'గా స్థిరపడిపోయింది. పొట్టి మనిషి. వంగి చూసీ చూసీ మెడ కాస్త ముందుకు వాలింది, రంగులు అంటీ అంటీ చూపుడువేలి గోరు ఎప్పటికీ పసుపుగానే ఉండిపోయింది. చీర ఎన్నిసార్లు ఉతికినా మడతల్లో ముక్కలు నిలవుంచే ఫార్మలిన్ వాసన మిగిలే ఉండేది.

ఉద్యోగానికి ఆ రోజే ఆఖరు. వీడ్కోలు సభ ముందురోజే అయిపోయింది. మాట్లాడినవాళ్లలో ఒకాయన ఆమె ఆపరేషన్లు చేసి ఎన్నో ప్రాణాలు నిలబెట్టిందన్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు. జీడిపప్పు బాగుంది.

ల్యాబుకు వెళ్లేసరికి టెక్నీషియన్ మహమూద్ పని మొదలుపెట్టేశాడు. మైనంలో బిగించిన కండ ముక్కను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి గోరువెచ్చటి నీళ్ల మీద తేలనిస్తున్నాడు. ఆమెను చూసి తలెత్తకుండానే, గౌసియా అనే పేషెంటు స్లైడుకు మధ్యాహ్నానికి రంగు వేసి ఇస్తానన్నాడు. ఆమె అడగలేదు. అడుగుతుందని అతనికి తెలుసు.

పల్నాడు ఆడవాళ్లకు వచ్చే రొమ్ము క్యాన్సర్ స్వభావమేమిటన్నదే అబిదా పరిశోధన. కొన్ని గడ్డలు ఒంట్లోని హార్మోన్లను తిని పెరుగుతాయి. ప్రత్యేకమైన రంగు వేస్తే వాటి కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి. అలాంటివాళ్లకు రోజుకొక బిళ్లతో జబ్బును ఏళ్ల తరబడి అదుపులో పెట్టే వీలుంటుంది. రంగు పట్టకపోతే ఆ బిళ్ల దండగ. ఇక్కడినుంచి వచ్చే ముక్కల్లో రంగు పట్టనివి మరీ ఎక్కువగా కనబడేవి. ఇక్కడి జబ్బే మొండిదేమోనని ఆమె చాలాకాలం నమ్మింది. నీళ్లను అనుమానించింది, మిరపచేలకు కొట్టే మందులను, మేనరికాలను అనుమానించింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అమ్జద్ తెచ్చిన వంకాయ, గాటు సరిగా దిగకపోవడంతో, బయట మెత్తగా ఉడికి లోపల పచ్చిగా మిగిలింది. దాన్ని విరిచి చూస్తూ ఆమె అన్నం సంగతి మరిచిపోయింది. ఆపరేషన్లో తీసిన రొమ్మును కోయకుండా అలాగే ఫార్మలిన్ బకెట్లో వేస్తారు. ముక్క చెడిపోకుండా కాపాడేది ఆ మందే, కాని కొవ్వులోంచి నత్తలా దిగుతుంది. శనివారం బకెట్లో పడ్డది సోమవారం ల్యాబుకు చేరేసరికి పైన గట్టిపడి, నడిమధ్య కుళ్లి ఉండేది. కుళ్లిన కణం ఏ రంగునూ పట్టదు. క్యాన్సర్ గుణం తెలుసుకుందామని బయలుదేరిన ఆమెకు ముందుగా సర్జన్ల గుణం తెలిసింది.

మొండి జబ్బులు నిజంగానే ఉన్నాయి, వాటి పరిశోధనా సాగింది. కాకపోతే అవి అనుకున్నంత ఎక్కువ కావు. అప్పటినుంచి వినుకొండ, గురజాల, మాచర్ల, ఎక్కడ ఆపరేషన్ జరిగితే అక్కడికి వెళ్లి చెప్పింది. అసలు అంచు ఏదో తర్వాత తెలిసేలా సిరా పూయండి, వెనకవైపునుంచి, ముక్కలు విడిపోకుండా నాలుగు గాట్లు పెట్టండి, తర్వాతే బకెట్లో వేయండి. చాలామంది విన్నారు. ధనుంజయరావు వినలేదు.

ధనుంజయరావు ఆమెకన్నా పెద్దవాడు, ఊళ్లో హస్తవాసికి పేరున్న సర్జన్. తను తీసిన ముక్క మీద ఇంకొకసారి కత్తి పెడితే అంచు చెదిరిపోతుందని, జబ్బంతా వచ్చిందో లేదో తేలదని ఆయన పట్టుదల. ఆ భయం ఉత్తిది కాదు గనుక అబిదా ఓపిగ్గా జవాబు చెప్పేది. ఆయన మీటింగుల్లో దానికి 'వంకాయ సిద్ధాంతం' అని పేరు పెట్టి నవ్వించేవాడు. పేరు బాగుందని ఆమె కూడా నవ్వేది.

వ్యాసం అచ్చయిన ప్రతిసారీ చివర్లో 'పల్నాడు స్త్రీలకు కృతజ్ఞతలు' అని ఉండేది. ఎవరి పేరూ రాయకూడదు కాబట్టి అందరికీ కలిపి అంతే. ఒక విదేశీ పత్రిక ఆ వాక్యం అవసరమా అని అడిగితే, చోటు చాలకపోతే ఇంకేదైనా తీసేయండి గాని అది ఉండాలని రాసింది. వాళ్లు ఉంచారు. ఆ పత్రికంటే ఆమెకు ఇప్పటికీ అభిమానం.

గౌసియా కిందటి వారం మాచర్లనుంచి వచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి. తన జాకెట్టు తనకే ఒకపక్క బిగుతైతే కొలత తప్పిందేమోనని విప్పి మళ్లీ కుట్టుకుంది, గడ్డ సంగతి ఆ తర్వాతగాని తెలియలేదు. ధనుంజయరావే ఆపరేషన్ చేశాడు. రంగు పట్టలేదని నగరంలోని ల్యాబునుంచి రిపోర్టు వచ్చింది. కీమో అంతా అయ్యాక జబ్బు నడుము ఎముకలో కనబడింది. ఈ రకానికి బిళ్లలు పనిచేయవన్నారు. ఆమె తన స్లైడు, మైనపు దిమ్మెలు ఉన్న కవరు తెచ్చి అబిదా చేతిలో పెట్టింది.

"ఇంకేదన్నా దారి ఉంటే సూడండి మేడమ్. లేకపోతే లేదని చెప్పండి. కుట్టాల్సినయ్యి చానా ఉన్నయ్."

పాత స్లైడులో గడ్డ పక్కనే మామూలు పాలగొట్టాలు కనబడ్డాయి. ఏ ఆడమనిషికైనా వాటిలో కొన్ని కణాలన్నా రంగు పట్టాలి. ఇక్కడ అవి కూడా పాలిపోయి ఉన్నాయి. అంటే పరీక్షే చెల్లదు. చర్మానికి దగ్గరగా, మందు ముందుగా దిగిన అంచునుంచి తీసిన దిమ్మె ఒకటి కవరులో ఉంది. దాన్నే మహమూద్ కోశాడు.

భోజనాలయ్యాక స్లైడు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నేను చూళ్లేదు మేడమ్. చూస్తే మొకంలో తెలిసిపోద్ది."

ఆమె ముందు మామూలు పాలగొట్టాలను వెతికింది. గోధుమరంగు. బిస్మిల్లా అనుకుని స్లైడును గడ్డ వైపు జరిపింది. అక్కడా గోధుమరంగే. ఇంకొంచెం జరిపింది, ఇంకొంచెం. చల్లిన ఆవగింజల్లా అంతటా ఉన్నాయి. కాసేపు కళ్లు మూసుకుని అల్‌హందులిల్లా అనుకుంది. తర్వాత మహమూద్‌ని టీ తెప్పించమంది. పండగలాంటి కబురు వస్తే ఆ ల్యాబులో జరిగేది అంతే.

రిపోర్టు పంపితే సరిపోయేది. కాని ధనుంజయరావుతో పోట్లాడటానికి రేపటినుంచి తను ఉండదు. అందుకే ఫోన్ చేసి రమ్మంది.

ఆయన వచ్చాడు. పొడుగు మనిషి, ఆమె స్టూలు కింది మీట తిప్పి ఎత్తు చేసుకుని కూర్చున్నాడు. ఆమె ముందు పాత స్లైడు పెట్టింది.

"ఇయ్యి మంచి కణాలేగా?" అన్నాడు కొంతసేపటికి.

"మంచియ్యే సార్."

"ఇయ్యి గూడా తెల్లగానే ఉన్నయ్యే."

"అప్పటికే చచ్చిపోయినయ్ సార్. బకెట్లో."

ఆమె పాతది తీసి కొత్త స్లైడు పెట్టింది. ఆయన కన్ను తీయలేదు, పక్కన టీ మీద మీగడ కట్టింది. ఈ ఘడియ కోసం ఆమె చాలా మాటలు దాచుకుంది. కూర కలుపుతూ కూర్చుకున్నవి, కొన్ని బాగా కారంగా ఉండేవి. ఒక్కటీ నోటికి రాలేదు.

"శనివారం సాయంత్రం చేసిన కేసమ్మా ఇది," అన్నాడు ఎట్టకేలకు. గౌసియా నంబరు అడిగి, ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు.

అబిదా తెల్లకోటు విప్పి మడిచింది. తాళంచెవి మహమూద్ చేతికిచ్చింది. అతను తీసుకుని, అమ్జద్ సార్ స్కూటర్ మీద వచ్చి గేటు దగ్గర కూర్చున్నారని మాత్రం చెప్పాడు. వరండాలోంచి ధనుంజయరావు గొంతు వినబడుతోంది.

"నీకు బిళ్ల పనిచేస్తదమ్మా. అవును, ఇప్పుడే నా కళ్లతో చూశా... లేదమ్మా, ల్యాబోళ్లది కాదు. తప్పు నాది. కొయ్యకుండా బకెట్లో ఏసింది నేనే. అబిదా మేడమ్ చెప్తానే ఉంది, నేనే ఇనలా." అవతల గౌసియా ఏదో చెబుతున్నట్టుంది. "రేపు రా. జాకెట్లు ఎల్లుండి కుడుదువుగాని."

ఆమె మైక్రోస్కోపు దీపం ఆర్పి, సంచీ భుజానికి తగిలించుకుని, వరండా వైపు కాకుండా రెండో ద్వారంలోంచి బయటికి నడిచింది. స్టూలు మాత్రం ధనుంజయరావు ఎత్తులోనే ఉండిపోయింది. ఆమె కూర్చుంటే కాళ్లు నేలకు అందనంత ఎత్తులో.