పదకొండంగుళాల ఫ్యాను

మోటారు కూత మారింది.

ప్రత్యూష చేతిలో రిమోట్ ఉంది. చూపు ఆకాశంలో, తనూ జుబేరూ కలిసి తయారుచేసిన చిన్న విమానం మీద ఉంది. కానీ తేడా ముందు తెలిసింది చెవులకే. రోజూ కందిరీగలా సన్నగా పాడే మోటారు ఇవాళ లోడు బండి ఎత్తెక్కుతున్నట్టు మూలుగుతోంది.

"జుబేరూ, పొగ."

"చూశానక్కా. దించెయ్."

"మాట వినట్లేదు. చచ్చిపోయింది."

ఆమె రిమోట్ మీది పుల్లని ఎటు తిప్పినా విమానం తన దారిన తాను పోతోంది. ముక్కు దగ్గర నల్లటి పొగ, దాని వెనక చిన్న మంట. మోటారు ఆగింది. చప్పుడు లేకుండా జారుకుంటూ పోతోంది. ఎటు పోతోందో ప్రత్యూషకి అర్థమైంది.

అటు శేషగిరిరావు కల్లం ఉంది. మార్చి ఎండకి ఎండి గలగలలాడే మిరపకాయలు టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరిచి ఉన్నాయి. చుట్టూ తాలుకాయలు ఏరే ఆడకూలీలు. పక్కన వేపచెట్టుకి చీరతో కట్టిన ఉయ్యాల, అందులో ట్రాక్టరు డ్రైవరు శ్రీహరి కొడుకు నిద్రపోతున్నాడు.

"లేవండి, లేచి పరిగెత్తండి," అని అరుస్తూ జుబేర్ చేలకి అడ్డంపడి ఉరికాడు. అతని అరుపు కంటే ముందే విమానం కల్లంలో పడింది. బ్యాటరీ టపాసులా పేలింది.

నాలుగు మిరపకాయలు పొయ్యిలో పడితేనే ఇల్లంతా దగ్గుతుంది. ఇక్కడ పట్టా మొత్తం అంటుకుంది. ఆ ఘాటు గాలివాటున వేపచెట్టు మీదికి మళ్ళింది. ఆడవాళ్ళు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని, కళ్ళు కనపడక ఒకరినొకరు గుద్దుకుంటూ పరిగెత్తారు. ఉయ్యాల్లోంచి పిల్లాడిని బయటికి తీసింది జుబేరే. తీసేసరికి పిల్లాడు ఏడవట్లేదు. నోరు తెరుస్తున్నాడు, గాలి అందట్లేదు.

తల్లి వాడిని గుండెకి అదుముకుని ఆటో ఎక్కింది. ఆటో పిడుగురాళ్ళ ఆసుపత్రి వైపు పోయింది.

విమానం చూడ్డానికి వచ్చిన కంపెనీ ఆయన ఎవరికీ చెప్పకుండా కారెక్కాడు. పై నుంచి పంటలకి ఫొటోలు తీసే విమానాలు నడపడానికి ప్రత్యూషకి ఉద్యోగం ఇద్దామని వచ్చిన మనిషి ఆయన. ఆ దుమ్ము ఇంకా అణగకముందే శ్రీహరి జుబేర్ చొక్కా పట్టుకున్నాడు.

"ఆ విమానానికి మోటారూ ఫ్యానూ బిగించింది ఎవర్రా?"

"నేనే అన్నా. పొద్దున నేనే బిగించా."

అబద్ధం చెప్పడం రాని మనిషి జుబేర్. గురజాలలో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే కుర్రాడు. మొదటి దెబ్బకే కళ్ళజోడు ఎగిరిపోయింది. నలుగురూ కలిసి అతన్ని పున్నయ్య మోటారు షెడ్డులోకి తోసి గొళ్ళెం పెట్టారు.

"బాబాయ్, మీరన్నా చెప్పండి," అంది ప్రత్యూష శేషగిరిరావుతో.

"ఏం చెప్పమంటావే? నా కాయ పోతే పోయింది. ఆసుపత్రి నుంచి ఫోను రానీ. పిల్లోడికి ఏమన్నా అయిందంటే శ్రీహరిని ఆపడం నా వల్ల కాదు."

శ్రీహరి షెడ్డు తలుపు ముందు కూర్చున్నాడు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ట్రాక్టరు రాడ్డు.

ఫోను మోగేలోగా ఏదో ఒకటి తేలాలి. ప్రత్యూష దగ్గుకుంటూ, నీళ్ళు కారే కళ్ళతో కాలిన పట్టా దగ్గరికి పోయింది. ఆ మోటారుకి ఏ ప్రొపెల్లర్, అదే ముందు తిరిగే ఫ్యాను, వెయ్యాలో తేల్చడానికి ఆమె, జుబేర్ చానా తిప్పలు పడ్డారు. చిన్నదేస్తే మోటారు ఊరికే తిరుగుద్ది, విమానం లేవదు. పెద్దదేస్తే లేస్తుంది గానీ కరెంటు విపరీతంగా లాగి లోపలి బోర్డు మాడుద్ది. మీటరు పెట్టి చూసి, చెయ్యి పెట్టి వేడి చూసి, చివరికి పదంగుళాల దాని దగ్గర ఆగారు. మరి బోర్డు ఎందుకు మాడింది?

బూడిదలోంచి మోటారుని పుల్లతో బయటికి లాగింది. ప్రొపెల్లర్ ఒక రెక్క కరిగిపోయింది. నడిమి బొడ్డు మిగిలింది. దాని మీద అచ్చుపోసిన అంకెలు వేలితో తుడిచి చూసింది. మొదటిది పొడవు, రెండోది ఒక్క చుట్టుకి ఎంత ముందుకి తొలుచుకుపోతుందో చెప్పేది.

పదకొండు, ఎనిమిది.

వాళ్ళు బిగించింది పది, అయిదు. ఇది పొరపాటున కొని, తన ఇంట్లో అటక మీద పడేసిన ఫ్యాను. మోటారు మోయాల్సిన దానికి రెట్టింపు పైనే. అంగుళం తేడా, రెండూ నల్లటివే. కంపెనీ ఆయన వాచీ చూసుకుంటుంటే హడావుడిగా తెచ్చి ఎగరేశారు, ఎవరి కంటా పడలేదు.

పొద్దున జుబేర్ బిగించాక విమానం ఆ మోటారు షెడ్డులోనే ఉంది. తాళం వేసి ఉంది. మధ్యలో ఎవరో మార్చారు.

ఆ ఫ్యానుకి బొక్క పెద్దది, మోటారు ఇరుసు సన్నం. వదులు లేకుండా ఇరుసుకి ఏదో తెల్లగా చుట్టారు. గోటితో గీకింది. పైపు మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు. అంత మంటలో కూడా అది పూర్తిగా కాలలేదు.

ఆ టేపు చుట్ట, టెస్టరు ఎప్పుడూ చొక్కా జేబులో పెట్టుకు తిరిగే మనిషి ఆమెకి బాగా తెలుసు. షెడ్డు తాళం ఉండేది కూడా ఆ మనిషి మొలతాడుకే. పున్నయ్య. ఊళ్ళో బోరు మోటార్లన్నీ దించేది, ఎక్కించేది ఆయనే.

తల తిప్పితే ఆయన పక్కనే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. కాలిన మోటారు వైపే చూస్తున్నాడు.

"పడిపోవాలి గదే," అన్నాడు లోగొంతుకతో. "ఫ్యాను పెద్దదైతే లోడెక్కువై స్టార్టరు పడిపోయి మోటారు ఆగిపోవాలి గదా. బోరు మోటారు అంతే గదా. ఇదెట్టా లేచిందే?"

ఫ్యాను పెద్దదని ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"దీనికి స్టార్టరు ఉండదు నాన్నా," అంది. "పడదు. మాడిందాకా తిరుగుద్ది."

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "లేవకపోతే ఆ కారాయన నవ్వి పోతాడు, నువ్వు మానుకుంటావు అనుకున్నా. పోయినేడు ఇట్టాంటి ఫ్యానే నీ చేతి ఏళ్ళు కోసినప్పుడు నా పంచంతా నెత్తురు. అది ఇంకా నా కళ్ళలోంచి పోలేదే."

ప్రత్యూష కుడిచేతి వేళ్ళ మీద పాత కుట్ల మచ్చలు సలిపినట్టయింది.

"వాళ్ళకి చెప్పు నాన్నా. జుబేర్‌ని చంపేస్తారు."

"నాలుగు తగిలించి వదిలేస్తారులే. కుర్రోడు, ఓర్చుకుంటాడు. నేను ఈ ఊళ్ళో బతకాలి తల్లీ. ఆ ముక్క ఇటియ్."

ఆయన చెయ్యి చాచాడు. ఆ చేతిని చూసి భయపడడం ఆమెకి జీవితంలో అదే మొదటిసారి. మోటారుని వెనక్కి దాచుకుంది.

షెడ్డు దగ్గర ఫోను మోగింది.

అందరూ అటు తిరిగారు. శ్రీహరి చెవికి పెట్టుకుని విన్నాడు. అతని ముఖంలో ఏమీ తెలియలేదు. "ఊపిరికి గొట్టం పెట్టారంట," అన్నాడు. "డాక్టరు ఏమీ చెప్పట్లేదంట." ఫోను జేబులో వేసుకుని లేచాడు. రాడ్డు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎవరో గొళ్ళెం తీశారు. లోపల చీకట్లో జుబేర్ గోడకి ఆనుకుని, కళ్ళజోడు లేని కళ్ళు చికిలించి, వస్తున్నది ఎవరో పోల్చుకోవడానికి చూస్తున్నాడు.

"ప్రత్యూషా," అన్నాడు పున్నయ్య వెనక నుంచి. మెల్లగా. చిన్నప్పుడు నిద్ర లేపినట్టు.

ఆమె ఆగలేదు. పరిగెత్తి శ్రీహరికీ తలుపుకీ మధ్య నిలబడింది. కాలిన మోటారుని పైకెత్తి అందరికీ చూపించింది. తెల్ల టేపు కొస గాలికి ఊగుతోంది.

"అడ్డం లేవే," అన్నాడు శ్రీహరి.

"ఇది జుబేర్ బిగించిన ఫ్యాను కాదు. పదంగుళాలది తీసేసి పదకొండంగుళాలది పెట్టారు. ఈ టేపు చుట్ట ఎవరి జేబులో ఉందో చూడండి."

శేషగిరిరావు ముందుకొచ్చాడు. "చూడ్డం ఎందుకు? తెలిస్తే పేరు చెప్పు. ఎవరే మార్చింది?"

అందరి తలల మీదుగా ఆమెకి పున్నయ్య కనపడుతున్నాడు. జేబు మీది చెయ్యి ఇంకా తీయలేదు.

"మా నాన్న," అంది ప్రత్యూష. అది సరిగ్గా వినపడలేదని మళ్ళీ, ఈసారి ఊరంతా పిలిచే పేరు పెట్టి గట్టిగా చెప్పింది. "మోటార్ల పున్నయ్య."