తడి ఆరాక వచ్చే వాసన

“బాత్రూంలో నీ సెంటు కొట్టానమ్మా. మావాడి ఆఫీసరుగారూ భార్యా వస్తున్నారు కదా, బావుంటుందని,” అన్నారు అత్తగారు, పెద్ద సాయం చేసిన గొంతుతో. కోడలు అప్పుడు సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతోంది. పరిగెత్తుకెళ్ళి సీసాలో ఎంత మిగిలిందో చూడాలనిపించింది. చేతులు నురగలో ఉన్నాయి.

ఖరీదైనదేం కాదు. ప్లాస్టిక్ మూత, సీసా మీద తెల్లపూల బొమ్మ. తను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్కులో డ్యూటీ ముగించుకుని వస్తూ, దారిలో కొనుక్కుంది. షాపులో అమ్మాయి మణికట్టు మీద కొట్టి, “ఇప్పుడే చూడకండి మేడం. ముందు స్పిరిటు వాసనే కొడుతుంది. తర్వాత పూలు. తడి ఆరి, ఒంటి వేడి తగిలాక వచ్చేదే అసలు వాసన. అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది,” అంది. ఆ ఆఖరి మాటకే ఆమె పడిపోయింది. తన ఒంటి మీద ఎలా ఉంటుందో చూడాలి.

కానీ చెయ్యి ఆరితే కదా! పొద్దున్నే కొట్టుకుంటే, మత్తుగా పూలవాసన మొదలయ్యేసరికి గిన్నెలు, ఆ తర్వాత బట్టలు. క్లినిక్కులో రోగి రోగికీ గ్లవుజులు మార్చాలి, మోచేతి దాకా కడుక్కోవాలి. ఇంటికొస్తే మళ్ళీ సింకు. ఆ అసలు వాసన ఒక్కసారైనా ఆమె ముక్కుదాకా రాలేదు. ఈలోగా ఇంట్లో అందరికీ ఆ సీసా అక్కరకొచ్చింది. భర్త బూట్లలో కొట్టుకున్నాడు. అడిగితే, “ఇంట్లో వస్తువేగా, నీదేంటి నాదేంటి?” అన్నాడు. ఆయన గడ్డం గీసుకునే రేజరు మాత్రం ఇంట్లో వస్తువు కాదు. దాన్ని ఎవరైనా కదిపితే ఇల్లు పీకి పందిరేస్తాడు.

ఆఫీసరుగారి భార్య బాత్రూంలోంచి వస్తూనే, “అబ్బ, ఎంత మంచి వాసనండీ!” అని మెచ్చుకుంది. కోడలు మంచినీళ్ళ గ్లాసు అందించడానికి వంగితే, “అరె, మీ దగ్గరా అదే వాసన!” అని ఆశ్చర్యపోయింది.

“రాకేం చేస్తుందండీ? పొద్దుట్నుంచీ మా ఆవిడ ఆ బాత్రూంలోనే ఉందిగా, కడుగుతూ!” అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ ఆమె కూడా నవ్వింది. వాళ్ళ నవ్వుకంటే తన నవ్వుకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“టీ పట్రా మరి,” అన్నాడాయన. ఆమె మంచినీళ్ళ ట్రే బల్లమీద పెట్టి, చేతులు పొడిగా తుడుచుకుని, పడకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. సీసా అడుగున ఉన్నదంతా మణికట్టు మీద కొట్టుకుని మంచం మీద కూర్చుంది.

కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. కాలు దానంతటదే ఊగుతోంది. టీకి పాలు చాలుతాయా? పిండారేసిన బట్టలు తీశారా? చెయ్యి ఊరుకోక పక్కనున్న తువ్వాలు మడత పెట్టబోయింది. దాన్ని విసిరి అవతల పారేసింది. ముందు స్పిరిటు ఘాటు పోయింది. తర్వాత పూలు, తలనొప్పి పుట్టేంత చిక్కగా. అవీ పల్చబడ్డాయి. మణికట్టు పూర్తిగా ఆరిపోయాక ముక్కు దగ్గర పెట్టుకుంది.

నాలుగు రోజులు మార్చని పూలజాడీలో నీళ్ళు, దాని మీద సబ్బు. అంతే.

“ఛీ, ఇదా!” అని పైకే అనేసింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇది తనకు నచ్చలేదని తెలుసుకోవడానికి కూడా ఇన్నాళ్ళూ తీరిక లేకపోయింది! ఇంకా ఎన్నిటిని ఇలా, తడి ఆరకుండానే నచ్చాయనుకుని ఒంటికి పూసుకుని తిరుగుతోందో. ఇంటికి దగ్గరని ఆయన చూసిపెట్టిన ఆ క్లినిక్కు ఉద్యోగం. అత్తగారు ఎంచిన ఈ గోడల రంగు. పదిమందిలో ఆయన వేసే జోకులు.

తలుపు దబదబా మోగింది. “ఏమోయ్, ఏం చేస్తున్నావ్ లోపల? వాళ్ళు టీకోసం కూర్చున్నారు!”

ఆమె లేవలేదు. ఆ గొంతు తనకు నచ్చుతోందా లేదా అని, మొదటిసారి, తొందరపడకుండా వింటోంది.