నీళ్ల బండొచ్చింది!

మైకత్తగారి గొంతు నాలుగో అంతస్తులో లేస్తే వీధి చివర కుక్క చెవులు నిక్కబొడుచుకునేది. అలాంటి మనిషి ఏడాదిగా గుసగుసలతో బతుకుతోంది. కోడలు కింది అంతస్తులో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం పెట్టింది మరి. "అత్తయ్యా, మెల్లగా! పిల్లలు లేస్తారు" అన్న మాట విని విని ఆవిడ గొంతుకి తుప్పు పట్టింది. కోడలి మీద ప్రేమకొద్దీ నోరు కట్టేసుకుంది కానీ, లోపల మాత్రం ఉక్కిరిబిక్కిరిగానే ఉండేది.

ఆవేళ అగ్నిమాపక అధికారి వచ్చాడు. గంట మోగగానే భవనంలో వాళ్లంతా మెట్ల మీదుగా దిగి బయటికి రావాలి. రాకపోతే పిల్లల కేంద్రానికి అనుమతి ఉండదు, మూసుకోవాల్సిందే.

గంట మోగింది. కోడలూ అత్తగారూ ఆయాలూ పిల్లల్ని చంకనేసుకుని బయటికొచ్చారు. పై అంతస్తుల నుంచి మాత్రం నరమానవుడు దిగలేదు. చీటికీమాటికీ ఊరికే మోగే గంటని ఎవరు పట్టించుకుంటారు? కోడలి మొహం పాలిపోయింది.

అది చూసి అత్తగారు ఆగలేకపోయింది.

"నీళ్ల బండొచ్చిందోయ్!"

అంతే! తలుపులు దభాలున తెరుచుకున్నాయి. బిందెలతో, బకెట్లతో, సగం గడ్డం గీసుకున్న దర్జీతో సహా అందరూ తోసుకుంటూ ఊడిపడ్డారు. అధికారి పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, తల అడ్డంగా ఊపాడు.

"మెట్ల నిండా బకెట్లేనమ్మా, కాళ్లకడ్డం! పైగా రేపు నిజంగా నిప్పంటుకుంటే మిమ్మల్నెవరు నమ్ముతారు? ఇంకోసారి చేద్దాం. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి."

అందరూ సణుక్కుంటూ పైకెళ్లారు. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా అరవండత్తయ్యా."

"పిల్లలో?"

"లేచే ఉన్నారు లెండి!"

గంటతో పాటు ఏడాదిగా అణుచుకున్న గొంతు కూడా లేచింది. "నిప్పంటుకుంటే ఎలా దిగాలో చూపించాలర్రా! బకెట్లొద్దు, చేతులూపుకుంటూ రండి! మన పసిపిల్లల కేంద్రం నిలబడాలి!"

ఈసారి ఒకరి వెనక ఒకరు బుద్ధిగా దిగారు. మూడో అంతస్తు ముసలమ్మని దర్జీ చెయ్యి పట్టుకుని దింపాడు. అధికారి సంతకం పెట్టేశాడు. ఎందుకో తెలియకపోయినా పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్తగారికి పట్టరాని సంతోషం కలిగింది.

సాయంత్రం చివరి పిల్లాణ్ణి పంపేసి కోడలు కూలబడింది. అత్తగారు అలవాటు కొద్దీ ఆమె చెవి దగ్గరకొచ్చి, "టీ తాగుతావుటే?" అని గుసగుసలాడింది.

"వినబడలేదత్తయ్యా," అంది కోడలు నవ్వుతూ. "కాస్త గట్టిగా అడగండి."

అత్తగారు గొంతు సవరించుకుని అడిగింది. వీధి చివర కుక్క మొరిగింది.